తోమి వాపసిచ్చిన గంట

అతని అసలు పేరు కట్టుకున్న పెళ్ళాం కూడా మరిచిపోయి చాలాకాలమైంది. ఊరంతా బుడుంగు అనేవారు. పడవ అంచు మీంచి వెనక్కి వాలి నీళ్ళలో పడితే వచ్చే చప్పుడది. వయసులో ఉన్నప్పుడు గాలి సిలిండరు వీపుకి కట్టుకుని, తీరానికి కాస్త దూరంలో మునిగిపోయిన పాత ప్రయాణికుల ఓడలోకి దిగి, ఇత్తడీ రాగీ ఊడబెరికి పాతసామాన్ల కొట్టుకి వేసేవాడు. అలా దిగీ దిగీ ఒకనాడు చెవిలో ఏదో పటుక్కుమంది. కుడి చెవి మొత్తం పోయింది, ఎడమది సగం మిగిలింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే సగం చెవితోనూ సగం కళ్ళతోనూ పోల్చుకునేవాడు. వెనకనుంచి పిలిస్తే మాత్రం గోడని పిలిచినట్టే. పెళ్ళాం తిట్లు వినబడని మొగుడని ఊళ్ళో కొందరు మగాళ్ళు అతన్ని చూసి లోలోపల కుళ్ళుకునేవారు కూడా.

కానీ ఆ పెళ్ళాం అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఇంట్లో ఒక చేతిగంట ఉండేది. ఇత్తడిది, పిడికి తోలు ఉచ్చు తగిలించినది. పెళ్ళయిన కొత్తలో మంచం కింద గోనెసంచిలో ఆవిడకి దొరికింది. గొంతు చించుకున్నా వినబడని మొగుడికి ఆ గంట మాత్రం వినబడుతుందని కనిపెట్టింది. ఇక అప్పణ్ణుంచీ భోజనం వేళకి గుమ్మంలో నిలబడి గణగణ వాయించేది. వీధిలో పిల్లలు "బుడుంగుకి బడి వదిలార్రోయ్" అని నవ్వేవారు.

గంట మోగగానే బుడుంగు చేస్తున్న పని ఆగిపోయేది. లేచి, కాళ్ళు కడుక్కుని, శిక్ష వేయించుకోడానికి వచ్చినవాడిలా పళ్ళెం ముందు కూర్చునేవాడు. మొదటి ముద్ద గొంతు దిగేది కాదు.

"వంట బాగాలేకపోతే నోటితో చెప్పొచ్చుగా! ఆ మొహం దేనికి?" అనేది ఆవిడ.

"బాగానే ఉంది" అనేవాడు.

"బాగుంటే మింగు మరి."

మింగేవాడు.

ఆ ఓడ సంగతి కొంచెం చెప్పాలి. బుడుంగు చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు, ఒక మంచు పట్టిన తెల్లవారుజామున అది రాతికి కొట్టుకుని మునిగిపోయింది. పై అంతస్తులో ఉన్నవాళ్ళు చాలామంది చిన్న పడవల్లోకి దూకి బతికారు. కింది అంతస్తులో నిద్రపోతున్నవాళ్ళు నిద్రలోనే పోయారు. ఆపద వస్తే వాళ్ళని లేపడానికని ఆ ఓడలో ఒక కాపలామనిషి ఉండేవాడు. కొక్కేనికున్న చేతిగంట తీసుకుని కిందకి దిగి, ఆఖరి మనిషి లేచేదాకా వాయించడం ఆయన పని. బతికి వచ్చినవాళ్ళు విచారణలో "గంట మోగలేదు" అన్నారు. విచారణ జరిపినవాళ్ళూ అదే రాశారు. కాపలామనిషి శవం దొరకలేదు. దొరక్కపోయేసరికి ఊరు తనకి తోచిన కథ అల్లుకుంది. ఆయన గంట వదిలేసి అందరికంటే ముందు పడవెక్కాడట, వేరే పేరుతో ఎక్కడో హాయిగా ఉన్నాడట. ఏదో ఊళ్ళో చూశామని ఎవరో ఒకరు వచ్చి చెప్పేవారు. చూసినవాళ్ళ కథల్లో ఆయన ఏటేటా లావెక్కుతూ పోయాడు. చివరికి రెండో సంసారం కూడా పెట్టాడు.

ఆయన కూతురే టైలరక్క. బజారు చివర ఒక ఇరుకు కొట్లో కుట్టుమిషను తొక్కుకుంటూ బతికేది. చిన్నప్పుడు బడిలో "గంట కొట్టనోడి కూతురు" అన్నారు. పెద్దయ్యాక ఎదురుగా అనడం మానేసి, కొట్టు దాటాక అనుకునేవారు.

ఇలా ఏళ్ళు గడిచాక ఒకనాడు ప్రభుత్వం నిద్రలేచింది. ఆ ఓడ పూర్వుల ఆస్తి అనీ, అది ఒక సమాధి కూడా అనీ, ఇక ఎవరూ ముట్టుకోకూడదనీ ప్రకటించింది. ఓడ చుట్టూ ఎర్ర పీపాలు తేలేశారు. ఇళ్ళలో ఓడ సామాను ఉంటే తెచ్చి ఇచ్చేయమనీ, ఎవరిమీదా కేసులుండవనీ చాటించారు. ఊళ్ళో ఓడ ముక్క లేని ఇల్లు ఏది గనక! సెలూనువాడి అద్దానికి ఓడ కిటికీ చట్రం. టీకొట్టు పొయ్యి కింద ఓడ రేకు. హెడ్మాస్టరు గారి బల్లమీద కాయితాలు ఎగరకుండా పెట్టేది ఓడ తాళంకప్ప. కేసుల్లేవంటే ఎవడు నమ్ముతాడు? రెండు మూడు రోజులపాటు ఊరి మురిక్కాలవలన్నీ ఇత్తడితో నిండిపోయాయి.

ఓడని పరిశోధించడానికి వచ్చినావిడని ఊరు కొలతల మేడం అంది. ఏది కనబడినా ముందు టేపు తీసేది. ఓడకి కాపలాగా ఒక మనిషి కావాలని వెతుకుతుంటే, ఆ నీళ్ళు తెలిసినవాడు బుడుంగే అన్నారు ఎవరో. ఆవిడ తిన్నగా ఇంటికే వచ్చి, వసారాలో బల్లమీద కూర్చుని, "బుడుంగు గారూ" అని పిలిచింది. అది పేరు కాదని ఆవిడకి తెలీదు. ఆ 'గారు' విని బుడుంగుకి చెవుల దాకా సిగ్గు ముంచుకొచ్చింది.

"మీరు ఎప్పుడైనా ఆ ఓడలోంచి ఏదైనా తీశారా?"

"ఒక్క మేకు కూడా ముట్టుకోలేదు మేడం."

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి గణగణ గణగణ. భోజనం వేళయింది.

మేడం తలెత్తింది. "గంటా?"

"పాలవాడు మేడం" అన్నాడు బుడుంగు. నెత్తిన ఎండ మండిపోతోంది.

మేడం ఒకసారి ఎండకేసి చూసి, ఉద్యోగం ఇచ్చేసింది.

కాపలావాడన్నాక యూనిఫాం ఉండాలిగా. దాన్ని కుట్టే పని టైలరక్కకి పడింది. బుడుంగు ఆ కొట్లో చేతులు చాచి నిలబడ్డాడు. టైలరక్క టేపుతో చుట్టూ తిరిగింది. కొలిచి, సుద్దతో బట్ట మీద గీసి, ఎడమచేత్తో కత్తెర అందుకుంది. ఎడమచెయ్యి వాటం తండ్రి పోలికట. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"ఊపిరి బిగబట్టకు తమ్ముడూ. బిగబడితే చొక్కా ఇరుకవుతుంది, తర్వాత నన్నంటావు."

"బిగబట్టలేదక్కా."

"నీళ్ళలో అలవాటు కాబోలు." ఎదురుగా వచ్చి, అతనికి వినబడేలా గొంతు పెంచింది. "ఆ మేడం కూడా కొలతలే తీస్తుందటగా? మంచిదే. నేను బతికున్నవాళ్ళవి, ఆవిడ పోయినవాళ్ళవి. నాకో సాయం చేసిపెడతావా?"

"చెప్పక్కా."

"గంట దొరికితే ముందు నా చెవిన వెయ్యి. ఎక్కడ దొరికిందో చూడు. పైన కొక్కెం దగ్గరుంటే ఊరన్నదే నిజం. ఇన్నాళ్ళూ దించుకున్న తల ఇంకాస్త దించుకుని పోతాను. కిందనుంటే మా నాన్న కిందకి వెళ్ళినట్టు. అంతే. ఇంకేం అక్కర్లేదు నాకు."

బుడుంగు చాచిన చేతులు దించలేదు.

"మా అమ్మ పోయేదాకా వీధితలుపు గడియ వెయ్యనిచ్చేది కాదు" అంది టైలరక్క. "వస్తాడని ఆశ అనుకుంటున్నావా? వస్తే నాలుగు తిట్టాలని. తిట్లన్నీ వరసగా పెట్టుకుని కూర్చునేది. ఇక చేతులు దించు, కొలిచేశాను."

గంట ఎక్కడ దొరికిందో లోకంలో తెలిసినవాడు బుడుంగు ఒక్కడే.

అది కింది అంతస్తు మెట్ల అడుగున దొరికింది. ఆ రోజు నీళ్ళు కలకబారి ఉన్నాయి. టార్చి వెలుగు చెయ్యి చాచినంత దూరం కూడా పోవడం లేదు. అరచేత్తో బురద తడుముతూ పోతుంటే గుండ్రటి ఇత్తడి తగిలింది. లాగాడు. రాలేదు. బురదా గుల్లలూ గట్టిపడి పట్టేశాయనుకుని, కాలు మెట్టుకి తన్నిపెట్టి మళ్ళీ లాగాడు. ఏదో విరిగిన అదురు మోచేతి దాకా పాకింది, గంట వచ్చేసింది. తోలు ఉచ్చులో ఇరుక్కుని దాంతోపాటు ఇంకేదో కూడా వచ్చింది. టార్చి దగ్గరగా పట్టి చూశాడు. వేళ్ళు. మనిషి వేళ్ళ ఎముకలు, గుల్లలతో కలిసి గంట పిడిని చుట్టుకుని ఉన్నాయి. చెయ్యి విదిలించాడు. అవి ఒక్కొక్కటే రాలి బురదలోకి దిగిపోయాయి.

పైకొచ్చాక పడవలోవాళ్ళకి కనబడకుండా గంటని గోనెసంచి అడుక్కి తోసేశాడు. ఆ గంట ఎవరిదో, ఆ చెయ్యి ఎవరిదై ఉంటుందో తెలియనంత అమాయకుడు కాదు. చెబితే, చచ్చినవాడి చేతిలోంచి లాక్కున్నావా అని ఊరు మొహాన ఉమ్మేస్తుంది. రేపు చూద్దామనుకున్నాడు. రేపు చెప్పడం ఇంకా కష్టమైంది. ఏడాది తర్వాత చెబితే, ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు. అలా అలా పాతికేళ్ళు దాటిపోయాయి. కొట్టుకి అమ్మబుద్ధి కాలేదు, పారేయడానికి చెయ్యి రాలేదు. మంచం కింద దాచాడు. అది తీసుకెళ్ళి పెళ్ళాం అన్నానికి పిలవడం మొదలెట్టింది. అప్పుడైనా వద్దనొచ్చు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?

ఇప్పుడు ఒక దారి తోచింది. మేడం చేతికిస్తే మేకు కూడా ముట్టుకోలేదన్న మాట నలుగురిలో బద్దలవుతుంది. అలా కాకుండా గంటని మళ్ళీ తీసుకెళ్ళి ఆ మెట్ల అడుగునే పెట్టేస్తే? మేడం వెతుక్కుంటూ వెళ్తుంది, కిందే దొరుకుతుంది, టైలరక్క తలెత్తుకుంటుంది. ఎవరికీ ఏ చెరుపూ లేదు. ఇంత తెలివైన ఆలోచన తన బుర్రలో పుట్టినందుకు బుడుంగుకే ఆశ్చర్యమేసింది.

"ఏమే, గంట ఇలా ఇయ్యి. ఓడలో పెట్టొస్తాను" అన్నాడు.

"ఓడదా ఇది?" ఆవిడ గంట తిప్పి చూసింది. "ఇన్నేళ్ళూ చెప్పలేదేం? సరే, ఇచ్చెయ్. కానీ ఇలాగే ఇస్తావా, మసిబొగ్గులా?"

"ఇలాగే ఇస్తారు."

"ఎవరింటి గిన్నైనా ఈ చేత్తో తోమకుండా వాపసిచ్చానా?"

"అది సముద్రంలోకి పోతోందే మహాతల్లీ!"

"ఎక్కడికైతేనేం? మన పరువు మనది." అని పెరట్లో కూర్చుని బూడిదా నిమ్మకాయా వేసి, మొహం కనబడేదాకా తోమిపెట్టింది.

పట్టపగలే వెళ్ళాడు. కాపలావాణ్ణి ఆపే కాపలావాడు ఎవడుంటాడు? ఎర్ర పీపాల మధ్య పడవ ఆపి, గంట నడుముకి కట్టుకుని, బుడుంగున దిగాడు. పై అంతస్తు గదిలోంచి ఈదుకుంటూ కిందకి దిగే మెట్ల మొదటికి వచ్చాడు. టార్చి వేశాడు. వెలుగు రెండు మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయింది, ఆ కింద నలుపు. ఆ నలుపులో ఎక్కడో తను విదిలించి పారేసిన వేళ్ళు ఉన్నాయి. తలుపు చట్రం పట్టుకుని ఒక కాలు ముందుకు పెట్టబోయాడు. నడుమున గంట నాలుక ఒక్కసారి టంగుమంది. నీళ్ళలో చప్పుడు ఎటునుంచి వస్తుందో తెలీదు. మంచి చెవిలోనే కాదు, పోయిన చెవిలో కూడా వినబడినట్టయింది. భోజనానికి పిలిచినట్టు.

వెనక్కి తిరిగాడు. ఆ గదిలోనే గోడవారన ఒక ఇనప అరుగు కనబడింది. గంట దానిమీద పెట్టాడు. రేపు ధైర్యంగా వచ్చి కింద పెడదాం, ఇవాళ్టికి ఇక్కడుండనీ అనుకున్నాడు.

మర్నాడు అలలు లేచాయి. ఆ మర్నాడూ లేచాయి. సముద్రం సద్దుమణిగిన రోజున తలనొప్పి వచ్చింది. ఆ పై వారమంతా రోజుకో నొప్పి దొరికింది. ఈలోగా అనుకున్నదానికంటే ముందే మేడం మనుషులు కెమెరాలతో దిగిపోయారు.

దొరికినవి చూపిస్తామని మేడం బడి హాల్లో మీటింగు పెట్టింది. ఊరు ఊరంతా వచ్చింది. టైలరక్క ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో మడత కుర్చీలో కూర్చుంది. తెరమీద ఒక్కొక్క బొమ్మే పడుతోంది. తుప్పు పట్టిన గొలుసులు, పగిలిన పళ్ళేలు, ఒక పిల్లవాడి బూటు. చివరికి గంట. అరుగు మీద బుద్ధిగా నిలబడి ఉంది. ఆ అరుగుకి సరిగ్గా పైన, గోడకి, విరిగిన కొక్కెం.

బుడుంగుకి అప్పుడు తెలిసింది. అది చుక్కాని గది. గంట వేలాడే చోటు అదే. ఓడ మునిగాకే తప్ప తేలుతుండగా ఏనాడూ చూడనివాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అంత పెద్ద ఓడలో, పెట్టకూడని చోటు ఒకటే ఉంటే, ఏరి ఏరి అక్కడే పెట్టాడు.

"కొక్కెం దగ్గరే ఉందిరా! చెయ్యైనా వెయ్యలేదు!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

"ఆగండి, ఇది ఇంకా తేలలేదు, దీని విషయంలో నాకు కొన్ని అనుమానాలు..." అంటోంది మేడం. ఆ మాట ఎవరూ విననేలేదు. ఊరు తను యాభై ఏళ్ళుగా చెబుతున్నదే నిజమైతే ఎంత సంబరపడుతుందో అంత సంబరమూ పడింది.

టైలరక్క లేచింది. కూర్చున్న కుర్చీ మడిచి, గోడవారన మిగతా కుర్చీల పక్కన ఆనించి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పిల్లలు ఆ కొట్టు ముందు నుంచి సైకిళ్ళ మీద పోతూ గంటలు వాయించడం మొదలెట్టారు. పెద్దవాళ్ళు పిల్లల్ని కసిరి, ఇంట్లోకి వెళ్ళి నవ్వుకున్నారు. కొలతలిచ్చినవాళ్ళు కొందరు బట్ట వెనక్కి పట్టుకుపోయారు. కొట్టు షట్టరు సగానికి దిగింది. బుడుంగుకి మిషను చప్పుడు ఎప్పుడూ వినబడేది కాదు. ఆ దారిన పోతే తొక్కుతున్న పాదం కనబడేది. ఇప్పుడు సగం షట్టరు కింద పాదం కనబడుతోంది గానీ కదలడం లేదు.

ఇంట్లో గంట లేదు. పెళ్ళాం పళ్ళెం మీద గరిటెతో బాదింది. వినబడలేదు. చివరికి వచ్చి అదే గరిటెతో వీపున పొడిచింది. వచ్చి కూర్చున్నాడు గానీ, ఈసారి మొదటి ముద్దే కాదు, రెండోదీ దిగలేదు.

"ఇప్పుడు చెప్తావా, ఇంకో పాతికేళ్ళు మొహం అలా పెట్టుకునే తింటావా?" అంది.

చెప్పేశాడు. మెట్లు, బురద, వేళ్ళు, విదిలించడం, అరుగు, అంతా.

ఆవిడ తన కుడిచెయ్యి ముందుకు చాచి, ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"కాపరానికొచ్చిన వారం నుంచీ వాయిస్తున్నాను" అంది చివరికి. "ఆయన చేతిలోంచి తీసి నా చేతిలో పెట్టావన్నమాట. రోజుకి రెండు పూటలా."

"చెబుదామనే..."

"లే. చొక్కా తొడుక్కో. వెళ్ళి ఆ మేడంతో చెప్పు. ఆ తర్వాత టైలరక్కతో."

"ఉద్యోగం పోతుందే."

"పోనీ. గంటెలాగూ పోయింది. మళ్ళీ అరుచుకుంటాను, నాకేం!" అని పళ్ళెం తీసుకుని లోపలికెళ్ళింది. పెరట్లో నీళ్ళ చప్పుడు అతనికి వినబడలేదు గానీ, చెయ్యి మోచేతి దాకా కడుక్కోవడం కిటికీలోంచి కనబడింది. కడిగి, మళ్ళీ కడిగింది.

మేడం ఆఫీసు గదిలో గోడ పొడుగునా నీళ్ళ తొట్టెలు. ఒక తొట్టెలో గంట మునిగి ఉంది. బుడుంగు దాన్ని చూడకుండా చెప్పుకొచ్చాడు. మేడం అడ్డు రాకుండా విన్నది.

"పాలవాడు మిట్టమధ్యాహ్నం రాడు బుడుంగు గారూ" అంది. "ఆ రోజే అనుకున్నాను. పైగా ఓడలో ఇత్తడంతా గుల్లలు కట్టుకుపోయింది. ఇదొక్కటే నున్నగా ఉంది. నిమ్మకాయతో తోమినట్టు."

"బూడిద కూడా వేసింది మేడం" అన్నాడు, ఇక అబద్ధాలెందుకని.

మేడం పెదాల మీద నవ్వులాంటిది వచ్చి, నిలబడకుండానే పోయింది. "మీ అంతట మీరే వస్తారని చూస్తున్నాను. మీటింగుకి ముందు వచ్చుంటే బాగుండేది. ఆ బొమ్మ అప్పుడే వెయ్యకుండా ఉండాల్సింది నేను కూడా."

"ఇప్పుడు కింద దొరికిందని రాసెయ్యండి మేడం. నేను సాక్ష్యం చెప్తాను."

"మీరు అలా అన్నారని రాస్తాను. అంతకంటే రాయలేను. ఉన్నచోట ఉన్నంతసేపే వస్తువు మాట్లాడుతుంది. ఎవరి పక్కన పడుంది, ఏ మెట్టు మీదుంది, పైనుందా కిందుందా, అదే దాని నోరు. మీరు ఆ నోరు రెండుసార్లు నొక్కేశారు. తీసినప్పుడోసారి, పెట్టినప్పుడోసారి."

"అయితే నేనే దిగి చూపిస్తాను. ఆ వేళ్ళు అక్కడే ఉంటాయి. ఈసారి భయపడను."

మేడం తల అడ్డంగా ఊపింది. "రెండు మెట్ల తర్వాత ఏమీ లేదు. మీరు చూసిన నలుపు నీడ కాదు, కూలిన ఇనుము. పై అంతస్తు కింది అంతస్తు మీదకి దిగిపోయింది. కింద మోసే కమ్మీలు ఎవరో కోసుకుపోయారు."

ఎవరో ఎవరో కాదు, తనే. గంట దొరికిన మరుసటి ఏడాది, ఆ మెట్ల వైపు వెళ్ళడానికి భయపడి, ఓడ అవతలి కొసనుంచి మొదలెట్టి వరసగా ఆ కమ్మీలే కోసి అమ్మాడు. బుడుంగు తన చేతుల వంక చూసుకున్నాడు. పెళ్ళాం చూసుకున్నట్టే.

"యూనిఫాం ఇచ్చేసి వెళ్ళాలి మీరు" అంది మేడం, నెమ్మదిగానే.

మార్చుకోడానికి ఇంకో చొక్కా తెచ్చుకోలేదు. విప్పి, మడతపెట్టి, బల్లమీద పెట్టాడు. చిల్లుల బనీనుతో బజారు మధ్యనుంచి నడిచాడు. టీకొట్టు దగ్గర ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. చెవులు పోయినందుకు ఆ ఒక్కసారికి సంతోషించాడు.

సగం షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరాడు. టైలరక్క మిషను ముందు కూర్చుని ఉంది. తల తిప్పి చూసింది.

"చొక్కా ఏది? అప్పుడే చిరిగిందా? నా కుట్టు అంత కచ్చాగా ఉండదే."

"లాక్కున్నారక్కా."

అని, నిలబడే చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ అతని మొహం చూడలేదు, పెదాలే చూసింది, చెవుడు తనకే వచ్చినట్టు. అయిపోయాక మిషను మీదున్న బట్ట అంచు సవరించింది.

"నామీద జాలిపడి వచ్చావా?"

"లేదక్కా."

"ఏ చేతిలో ఉంది గంట?"

బుడుంగు కళ్ళు ఆవిడ ఎడమచేతి మీద ఆగాయి. ఒక్క మాట. ఆ ఒక్క మాట అనేస్తే ఈ మనిషి ఇవాళ రాత్రి నిద్రపోతుంది. నోటిదాకా వచ్చింది.

"చీకటక్కా. తెలీదు. చెయ్యి అని తెలిసిందే లాగేశాక."

టైలరక్క చేతిలో బట్ట వదిలేసింది. "ఎడమ అనుంటే మెడ పట్టుకుని బయటికి గెంటేదాన్ని" అంది. తర్వాత, "మేడం ఏమంది?" అనడిగింది.

"రుజువు కాదంది."

"ఊరు?"

"నమ్మదక్కా. నువ్వేదో ఇచ్చి నాతో చెప్పించావంటారు."

"అంటారు." ఆవిడ గొంతు పెరగలేదు, అతను పెదాల మీదే చదువుకున్నాడు. "మా అమ్మ బతికుండగా రావాల్సింది నువ్వు. ఈ వీధి చివర ఇల్లే నీది. ఆవిడ ఆఖరి రోజున కూడా ఆయన్ని తిడుతూనే పోయింది. ఆ తిట్లు ఇప్పుడు ఎవరు వెనక్కి తీసుకుంటారు తమ్ముడూ?"

బుడుంగు పోదామని వంగాడు.

"కూర్చో" అంది, స్టూలు వైపు చూపించి. "లాగితే వచ్చేసిందా?"

"లేదు. మొదటిసారి రాలేదు. కాలు మెట్టుకి తన్నిపెట్టి మళ్ళీ లాగాను."

"మొదటిసారి రాలేదా?"

"రాలేదక్కా."

బయట ఏదో పోయినట్టుంది. ఆవిడ భుజాలు ఉలిక్కిపడటం చూసి, సైకిలు గంట అయ్యుంటుందని బుడుంగుకి అర్థమైంది. ఆవిడ షట్టరు వైపు చూడలేదు. స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ బనీను మనిషి పెదాల మీదే చూపు నిలిపింది.

"మళ్ళీ చెప్పు" అంది.

"లాగాను" అన్నాడు బుడుంగు. "రాలేదు."

"మళ్ళీ చెప్పు."